గంటకు ఎంత, నాన్నా?

మా ఇంట్లో డ్రయ్యరులోంచి తీసిన బట్టలు మడతపెట్టేది నేనొక్కదాన్నే. ఒంటరిగా ఆ కుప్ప ముందు కూర్చుంటే ఏడుపొస్తుంది కాబట్టి రెండేళ్ల కిందట మా అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకున్నాను. నేను మడతపెడుతున్నంతసేపూ తను పక్కన కూర్చుని ఏదో ఒక పుస్తకం పైకి చదవాలి. పిల్లకు చదివే అలవాటు చేయాలన్న గొప్ప ఆశయమేమీ కాదు. నాకు తోడు కావాలి, అంతే. అలా విన్నవాటిలో సగం గుర్తు లేవు. డ్రాగన్లు, మాట్లాడే పిల్లులు, బడిలో దయ్యాలు. నేను సాక్సులకు జతలు వెతుక్కుంటూ ఊఁ కొడుతుంటాను.

నిరుడు ఆగస్టులో, ఐదో తరగతి మొదలైన కొత్తలో, బడి లైబ్రరీ నుంచి ‘ఫ్రంట్ డెస్క్’ అనే నవల తెచ్చింది. 2018లో కెల్లీ యాంగ్ రాసింది. మొదటి రాత్రే నేను సాక్సులు పక్కన పడేసి విన్నాను.

కథలో పిల్ల పేరు మియా టాంగ్. పదేళ్లు. అమ్మానాన్నలతో చైనా నుంచి అమెరికా వచ్చింది. పెద్దవాళ్లిద్దరూ చదువుకున్నవాళ్లే, కానీ ఇక్కడ ఆ చదువుకు విలువ కట్టేవాళ్లు లేరు. దొరికిన పనల్లా చేసి చివరికి కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో కాలివిస్టా అనే చిన్న మోటెల్ నడిపే పనిలో కుదురుతారు. ఉండటానికి చోటు ఉచితం, అద్దెకిచ్చిన గదికి ఐదు డాలర్ల లెక్కన డబ్బు. తల్లీ తండ్రీ దుప్పట్లు మారుస్తూ స్నానాల గదులు కడుగుతుంటే, మియా ముందు కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు తాళంచెవులు ఇస్తుంది. డిస్నీల్యాండ్ ఉన్నది ఆ ఊళ్లోనే, కానీ టికెట్టు కొనగలిగే స్థితి వాళ్లది కాదు.

మోటెల్ యజమాని పేరు యావో. తెల్లవాడు కాదు. మియా వాళ్ల భాష మాట్లాడేవాడే, వాళ్లకంటే చాలా ముందు వచ్చి నిలదొక్కుకున్నవాడు. మనవాడే కదా అని మియా తండ్రి సంబరపడతాడు. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవదు. ఒప్పుకున్న లెక్క మార్చేస్తాడు, వంక దొరికితే కోత పెడతాడు. యావో కొడుకు జేసన్, మియా చదివే తరగతిలోనే ఉంటాడు.

రచయిత్రి ఇదంతా ఊహించి రాయలేదు. చిన్నప్పుడు చైనా నుంచి వచ్చి, కాలిఫోర్నియా మోటెళ్లలో తల్లిదండ్రులకు సాయం చేస్తూ పెరిగిన మనిషి. పదమూడో ఏట కళాశాలలో చేరి, బర్కిలీలో పట్టా తీసుకుని, తర్వాత హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివింది. మన తెలుగు తల్లిదండ్రులకు ఈ చివరి వాక్యం ఒక్కటి చెబితే చాలు, పుస్తకం వెంటనే కొనేస్తారు. నేనూ ఆ బాపతే కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

మూడో రాత్రో నాలుగో రాత్రో, మియా వాళ్ల అమ్మ చేతులు రసాయనాలకు ఎర్రబడిన సంగతి వింటుండగా నాకు ఇదే అదను అనిపించింది. మా పురాణం విప్పాను. ప్రవాసంలో ఉన్న ప్రతి తెలుగు ఇంట్లోనూ ఇలాంటి పురాణం ఒకటి ఉంటుంది. పిల్లలు కొత్త ఫోను అడిగిన రోజున పారాయణ చేస్తారు. మాదీ అలాంటిదే. వాళ్ల నాన్న రెండు సూట్‌కేసులతో దిగడం, ఒకదానిలో సగం ప్రెషర్ కుక్కరు, ఆవకాయ సీసాలే ఉండటం. ఒక్క అపార్ట్‌మెంటులో ఎనిమిది మంది పడుకోవడం. నేను ఖమ్మంలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, పెళ్లయ్యాక 2011లో ఇక్కడికి వచ్చి నాలుగేళ్లు వంటింటి కిటికీలోంచి పార్కింగు చూస్తూ కూర్చోవడం. హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యలకు పని చేసే హక్కు అప్పట్లో లేదు. 2015 మేలో గ్రీన్ కార్డు వరుసలో ఒక మెట్టు ఎక్కినవాళ్ల భార్యలకు ఇచ్చారు. అందులో నేను పడ్డాను.

అంతా శ్రద్ధగా విన్నది. పుస్తకంలో వేలు పెట్టి పేజీ పట్టుకునే ఉంది.

“కానీ అమ్మా, మనం మియా వాళ్లం కాదు కదా. మనం జేసన్ వాళ్లం.”

నవ్వాను. ఎందుకలా అనిపించిందని అడిగాను.

“నాన్నకు రెస్టారెంటు ఉంది కదా.”

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. మా ఆయనకు రెస్టారెంటు ఉంది అనడం పెద్దమాట. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మాట్లాడుకునేవి రెండే విషయాలు, ఇమిగ్రేషను, పెట్టుబడులు. అయిదేళ్ల కిందట మా ఆయనా మరో నలుగురు స్నేహితులూ కలిసి, మూతపడబోతున్న ఒక భోజన హోటలు కొన్నారు. ఐదో వంతు మాది. వారాంతాల్లో బిర్యానీ, పొద్దున్నే పెసరట్టు, అరిటాకు భోజనం పండగలకు. లాభం చెప్పుకోదగ్గది కాదు, కానీ మా ఆయన అక్కడికి వెళితే రెండంగుళాలు పొడుగు పెరిగినట్టు నడుస్తారు. ఉద్యోగంలో ఆయనకు ఆ నడక లేదు.

వంటగదిలో గిన్నెలు తోమేదీ బల్లలు తుడిచేదీ మన పిల్లలే. ఎం.ఎస్. చదవడానికి వచ్చినవాళ్లు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు సాగుతుండగా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో వారానికి ఇరవై గంటలు పని చేయవచ్చు, బయట ఇలాంటి పని చేయకూడదు. కానీ ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చినవాడికి ప్రాంగణంలో పని దొరకకపోతే ఏం చేస్తాడు? నగదు తీసుకుని రాత్రి పన్నెండు దాకా గిన్నెలు తోముతాడు. ఇది అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ మాట్లాడరు. వాళ్లలో ఒకబ్బాయి నేను వెళ్లినప్పుడల్లా “అక్కా, ఇంకొంచెం సాంబారు తెస్తాను” అని వద్దన్నా తెచ్చేవాడు. మా అమ్మాయికి అతనంటే ఇష్టం. పేపర్ నాప్కినుతో కొంగ చేయడం నేర్పాడు.

జేసన్ వాళ్లం అన్న మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. తువ్వాళ్లు మడతపెట్టాను.

ఆ తర్వాత పుస్తకం వేరుగా వినిపించడం మొదలైంది. యావో మియాకు నేర్పబోయే పాఠాల్లో ఒకటి, నల్లజాతివాళ్లకు గదులివ్వకూడదని. మోటెల్‌లో వారానికింత అని కట్టి నెలల తరబడి ఉంటున్న హ్యాంక్ అనే నల్లజాతి మనిషి ఉంటాడు. అక్కడ ఒక కారు పోతే పోలీసుల చూపు నేరుగా అతని మీదికే వెళుతుంది. ఈ భాగం చదువుతూ మా అమ్మాయి ఆగి నా వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. అంతకు ముందు వారమే మా ఇంట్లో భోజనాల దగ్గర, ఇల్లు కొనాలనుకుంటున్న ఒక బంధువుకు మరొకరు ఫలానా వైపు వద్దు, అక్కడ ‘వాళ్లు’ ఎక్కువ అని సలహా ఇచ్చారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను. పెరుగు వడ్డిస్తూనే ఉన్నాను. పిల్లలకు తెలుగు అర్థం కావడం లేదని బాధపడతాం కానీ, మనకు ఇబ్బంది కలిగించే తెలుగు మాత్రం వాళ్లకు పొల్లు పోకుండా అర్థమవుతుంది.

ఇంకో చోట మియా స్నేహితురాలు, మెక్సికో నుంచి వచ్చిన లూపే, అమెరికాలో రెండు రోలర్ కోస్టర్లు ఉన్నాయని చెబుతుంది. ఒకటి డబ్బున్నవాళ్లది, ఒకటి లేనివాళ్లది. ఎవరు ఎక్కినది వాళ్లు తిరుగుతూనే ఉంటారు, వాళ్ల పిల్లలూ అందులోనే. మియాకు దిగి మారాలని ఆశ. నేను అక్కడ నవలతో వాదన పెట్టుకున్నాను. మేం మారాం కదా, నాన్న మారారు కదా అని. “అంటే లూపే అబద్ధం చెప్పిందా?” అని అడిగింది మా అమ్మాయి. చెప్పలేదు. మా ఆయన బోగీ మారడానికి ముందే ఆయన చేతిలో ఇంజనీరింగు పట్టా ఉంది, ఆ పట్టా వెనక మా మామగారి ఆరెకరాలు ఉన్నాయి. పురాణంలో ఆ ఆరెకరాల అధ్యాయం మేమెప్పుడూ చదవం.

సైకిలు సంగతి కూడా చెప్పాలి. మియాకు రాయడం ఇష్టం. వాళ్లమ్మ లెక్కలు చేసుకో అంటుంది. ఇంగ్లిషులో నువ్వు సైకిలువి, మిగతా పిల్లలు కార్లు, ఎంత తొక్కినా అందుకోలేవు అని. ఎంత మాట! కానీ అది ద్వేషంతో అన్నది కాదు, తను పడ్డ దెబ్బ కూతురికి తగలకూడదని అన్నది. నాకు ఆ తల్లి బాగా తెలుసు. ఆవిడ మాటే మన తెలుగు ఇళ్లలో లెక్కల క్లాసుల రూపంలో శనివారం పొద్దున్నే బయలుదేరుతుంది. ఇంగ్లిషు విషయంలో మాత్రం మనవాళ్లు వేరే దారి తొక్కారు. ఇంగ్లిషు మాటల స్పెల్లింగు తప్పు లేకుండా చెప్పే జాతీయ పోటీ, స్పెల్లింగ్ బీని పట్టుకున్నారు. 1999లో నూపుర్ లాలా గెలిచినప్పటి నుంచి భారతీయ పిల్లలు దాన్ని దాదాపు సొంతం చేసుకున్నారు. 2024లో గెలిచిన బృహత్ సోమ కుటుంబ మూలాలు నల్గొండలో ఉన్నాయని ఇక్కడి వాట్సాప్ బృందాలన్నీ మూడు రోజులు మోగాయి. గొప్పే. అయితే అక్షరాలు తప్పుల్లేకుండా చెప్పడం వేరు, ఆ అక్షరాలతో ఎవరినైనా నిలదీయడం వేరు. మియాకు స్పెల్లింగు సరిగా రాదు. ఆమె రాసేది ఉత్తరాలు.

ఆ ఉత్తరాలే ఈ నవలకు ప్రాణం. తన పాస్‌పోర్టు యజమాని గుప్పిట్లో పెట్టుకోగా చిక్కుకుపోయిన ఒక చైనా మనిషి కోసం, న్యాయవాదిలా నటించి ఉత్తరం రాస్తుంది. హ్యాంక్ కోసం రాస్తుంది. తల్లిని దొంగలు కొట్టి, ఆసుపత్రి బిల్లు చూసి ఇల్లంతా కుప్పకూలినప్పుడూ కలమే పట్టుకుంటుంది. పదేళ్ల పిల్ల, నిఘంటువు ముందు పెట్టుకుని, పెద్దవాళ్ల గొంతు అరువు తెచ్చుకుని రాస్తుంది. ఎక్కువసార్లు పని జరుగుతుంది కూడా. నాకు ఇది కాస్త తేలిగ్గా జరిగిపోయినట్టు అనిపించింది. మా అమ్మాయికి అలా అనిపించలేదు.

ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే ‘మనబడి’ క్లాసు వదిలే సమయానికి పార్కింగులో నిలబడి ఈ పుస్తకం గురించి ఒక స్నేహితురాలితో చెబితే, “చైనావాళ్ల కథలు మనకెందుకు? మన కథలే చదవని పిల్లలు” అన్నది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ దేశంలో మన కథ వాళ్ల కథ వెనకాలే నడిచింది. 1882లో అమెరికా చేసిన చట్టం చైనా కూలీల రాకను ఆపేసింది. 1943లో ఎత్తేసినప్పుడు ఏడాదికి ఇచ్చిన వాటా 105 మందికి. మూడేళ్ల తర్వాత 1946లో మనకు ఇచ్చింది వంద. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలాండ్‌లో 1910 నుంచి 1940 దాకా వలస వచ్చినవాళ్లను ఆపి ప్రశ్నించే కేంద్రం ఉండేది. అక్కడ బందీలుగా గడిపిన చైనావాళ్లు చెక్కగోడల మీద కవితలు చెక్కారు, అవి ఇప్పటికీ ఉన్నాయి. అదే కేంద్రంలో మనవాళ్లనూ ఆపారు, చాలామందిని వెనక్కి పంపారు. 1965 చట్టం ఆ దేశాలవారీ పాత వాటాలు తీసేశాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానాలు ఎక్కారు. ఇక మోటెళ్లంటారా, ఈ దేశంలో హోటళ్లలో సగానికి పైగా భారతీయ సంతతివారివేనని వాళ్ల యజమానుల సంఘమే చెబుతుంది. ఎక్కువమంది గుజరాతీలు. ముందు వచ్చిన పటేలు వెనక వచ్చిన పటేలుకు గది ఇచ్చి, పని ఇచ్చి, చేబదులు ఇచ్చి నిలబెట్టిన వ్యాపారం అది. ఈ సంగతులు సగం చెప్పేసరికి పిల్లలు బయటికి వచ్చారు. ఆవిడ నన్ను క్షమించి కారెక్కింది.

ముందు వచ్చినవాడు వెనక వచ్చినవాడికి చోటిస్తాడు. మనం గర్వంగా చెప్పుకునే మాట ఇదే. నవల చూపించేది, ఆ చోటిచ్చిన చెయ్యీ కోత పెట్టే చెయ్యీ ఒకటే కావచ్చని. బయటివాడు మోసం చేస్తే అరవవచ్చు. అన్నం పెట్టినవాడు తక్కువ ఇస్తే ఏమని అరుస్తాం? మా ఆయన 2006లో చదువుకుంటూ ఒక గ్యాస్ స్టేషనులో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పని చేశారు. గంటకు నాలుగు డాలర్లు, నగదు. అప్పటి దేశవ్యాప్త కనీస వేతనం 5 డాలర్ల 15 సెంట్లు. పురాణంలో ఆ తేడా ఎప్పుడూ వినలేదు. వినిపించేదల్లా, యజమాని అన్న ప్రతి ఆదివారం ఇంటికి పిలిచి పెట్టిన వేడి అన్నం, గోంగూర పప్పు. నిజంగానే పెట్టాడు. నిజంగానే రుచిగా ఉండి ఉంటుంది.

నవల ముగింపు ఇప్పుడు చెప్పేస్తున్నాను. పిల్లలకు చదవబోతున్నవాళ్లు ఈ పేరా దాటేయండి. వెర్మాంట్‌లో ఒక మోటెల్‌ను వ్యాసం పోటీలో బహుమతిగా ఇస్తారని తెలిసి మియా వ్యాసం రాస్తుంది. ప్రవేశ రుసుము మూడు వందల డాలర్లు. ఎలాగో సమకూర్చి పంపుతుంది. గెలవదు. ఆ తర్వాత యావో కాలివిస్టానే అమ్మకానికి పెడితే, మోటెల్‌లో ఉండేవాళ్లూ, మియా తల్లిదండ్రులు ఖాళీ గదుల్లో యావోకు తెలియకుండా దాచి పడుకోబెట్టిన తోటి వలసవాళ్లూ, తలా కొంత వేసి అందరూ కలిసి దాన్ని కొంటారు. చిట్టీలు కట్టి పెరిగిన మనకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఆ రాత్రి మా అమ్మాయి మంచం మీద గెంతింది. నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత దీపం ఆర్పి మెట్లు దిగుతుంటే తట్టింది. ఐదుగురు వలసవాళ్లు డబ్బులు పోగేసి, చేతులు మారబోతున్న వ్యాపారం కొనుక్కున్నారు. మా హోటలు కథ అదే కదా. నవల ఆగిన చోట మా కథ మొదలైంది, మొదలై ఐదేళ్లయింది.

ఆ వారాంతంలోనే ఉత్తరం వచ్చింది. మా ఆయన లాప్‌టాప్ మూత తెరిస్తే కీబోర్డు మీద. తెలుగులో, మనబడి అక్షరాలతో, ఒత్తులు సగం ఎగిరిపోయి.

‘నాన్నా, సాంబారు అన్నయ్యకి గంటకి ఎంత ఇస్తారు? టెక్సస్‌లో 7 డాలర్ల 25 సెంట్లు ఇవ్వాలి. 2009 నుంచి అంతే. లైబ్రరీలో చూశాను.’

మా ఆయనకు మొదట అర్థం కాలేదు. గంట అంటే గుడిలో గంట అనుకున్నారట. మూడోసారి చదివాక కుర్చీలో కూర్చున్నారు. ఆరు డాలర్లు ఇస్తున్నారు. భోజనం ఉచితం.

ఆ రాత్రి మా మధ్య నడిచిన మాటలు ఇక్కడ మొత్తం రాయలేను. “నేనూ అలాగే పైకొచ్చాను” అన్నారు. “వాళ్లు అడిగితేనే కదా ఇచ్చాం” అన్నారు. “మనం ఇవ్వకపోతే ఇంకొకడు ఇంకా తక్కువకు పెట్టుకుంటాడు” అన్నారు. మూడూ నిజాలే. యావోకు మాట్లాడే అవకాశం ఇస్తే అతనూ ఈ మూడే చెబుతాడు అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే మా ఆయన యావో కాదు. ఆ అబ్బాయికి జ్వరం వస్తే మందులు తీసుకెళ్లి ఇచ్చిన మనిషి. అయితే యావోకూ ఎవరికో జ్వరం వస్తే మందులిచ్చిన రోజులు ఉండే ఉంటాయి, పదేళ్ల మియాకు అవి కనబడి ఉండవు.

ఐదుగురు భాగస్వాములూ కూర్చున్నారు. గంటకు ఏడుంబావు ఇద్దామంటే సరిపోదు, ఆ పిల్లలను పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. సరిగ్గా చేయాలంటే ఒకటే దారి, వాళ్లను మానిపించి, పని చేసే హక్కున్నవాళ్లను లెక్కల్లో రాసి పెట్టుకోవడం. ఇద్దరు ఒప్పుకోలేదు, ముగ్గురు ఒప్పుకున్నారు. అక్టోబరు నుంచి గిన్నెలు తోమే చోట వేరే మనుషులు వచ్చారు. దోసె ధర ఒక డాలరు పెరిగింది. మా మనస్సాక్షి శుభ్రపడింది. సాంబారు అబ్బాయి ఊరికి అవతలి వైపు ఇంకో హోటల్లో చేరాడు, గంటకు ఐదున్నరకు. బస్సు లేదు, రోజూ ఎవరినో బతిమాలి కారులో వెళతాడు.

అతన్ని ఆదివారం భోజనానికి పిలిచాం. రెండు వారాలు వచ్చాడు. నేను గోంగూర పప్పు చేయలేదు, చేయబుద్ధి కాలేదు. మూడో వారం చదువుకోవాలక్కా అన్నాడు. తర్వాత మేమే పిలవడం మానేశాం, ఏ ముఖంతో పిలుస్తాం.

మా అమ్మాయికి ఈ సంగతి దాచాలనుకున్నాను. దాగలేదు. “మియా ఉత్తరాలు రాస్తే వాళ్లకు మంచి జరిగింది. నేను రాస్తే అన్నయ్య పని పోయింది” అన్నది. నీ తప్పు కాదమ్మా అన్నాను. ఎవరి తప్పు అని అడిగింది. ఇంటి కాగితాలు పెట్టించుకున్న బ్యాంకుదా, ఇరవై గంటలే అన్న చట్టానిదా, చట్టం ఒప్పుకోని మనిషి చవక అని తెలిసి వాడుకున్న మాదా? అన్నీ కొంచెం కొంచెం అన్నాను. కొంచెం అనే జవాబు పదేళ్ల పిల్లలకు నచ్చదు. ఈ నవల తరువాయి భాగం, 2020లో వచ్చిన ‘త్రీ కీస్’, తెచ్చుకుంది. అందులో లూపే కుటుంబానికి కాగితాలు లేవన్న సంగతి బయటపడుతుంది, కాలిఫోర్నియాలో కాగితాలు లేనివాళ్ల పిల్లలను బడికి రానివ్వకూడదన్న 1994 నాటి ప్రతిపాదన 187 చుట్టూ కథ నడుస్తుంది. ఓటర్లు దాన్ని గెలిపించారు, కోర్టు అడ్డుకుంది. ఆ పుస్తకం నాకు పైకి చదవలేదు. తన గదిలో తలుపు వేసుకుని చదువుకుంది. నేను బట్టలు ఒక్కదాన్నే మడతపెట్టుకున్నాను.

డిసెంబరు సెలవుల్లో న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహలు చూడ్డానికి బయలుదేరాం. మా ఆయన ఆఫీసు పని ముగించుకునేసరికి చీకటి పడింది. ఇరవయ్యో నంబరు హైవే మీద మూడు గంటలు నడిపాక అబిలీన్ దగ్గర కళ్లు మూతలు పడుతున్నాయంటే, కనబడిన మోటెల్ ముందు ఆపాం. రెండంతస్తులు, గదుల ముందే కార్లు, నియాన్ దీపంలో ఒక అక్షరం వెలగడం లేదు. ముందు గదిలో అడుగుపెడితే అగరువత్తి వాసన. గోడ మీద గుజరాతీ క్యాలెండరు. కౌంటరు వెనక ఎవరూ లేరనుకున్నాం. తొంగి చూస్తే ఒక పిల్లవాడు, ఎనిమిదేళ్లుంటాయేమో, లెక్కల పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. పెన్సిలు ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

కౌంటరు మీద ఒక ఇత్తడి గంట. పక్కన కార్డు ముక్క మీద, పిలవాలంటే కొట్టండి అని ఇంగ్లిషులో. మా ఆయన చెయ్యి చాపారు. అంతకంటే ముందే మా అమ్మాయి అరచెయ్యి ఆ గంట మీద మూతలా పడింది.

ముగ్గురం నిలబడ్డాం. గోడ గడియారం శబ్దం వినిపిస్తోంది. బయట పెద్ద లారీలు పోతున్నాయి. మా ఆయన ఒకసారి నా వైపు చూసి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకున్నారు. పది నిమిషాలు దాటి ఉంటుంది. చివరికి వెనక తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. చీర మీద స్వెట్టరు, మోచేతుల దాకా తువ్వాళ్ల దొంతర. మమ్మల్ని చూసి కంగారుపడింది. పిల్లవాడిని చూసి ఇంకా కంగారుపడింది. గంట కొట్టకపోయారా, వచ్చి ఎంతసేపైంది అని హిందీలో అడిగింది.

“ఇప్పుడే వచ్చామమ్మా” అన్నారు మా ఆయన.